ఆ దేశం క్షేమమేనా, డాక్టరుగారూ?

ఉద్యోగ విరమణ చేసి ఏళ్లు గడిచినా మా ఇంటి వరండాకు సలహాకోసం వచ్చేవారి సంఖ్య తగ్గలేదు. వారడిగే ప్రశ్న మాత్రం ఈ మధ్యకాలంలో మారింది. పూర్వం "ఈ మందు వేసుకోవచ్చునా?" అని అడిగేవారు. ఇప్పుడు "అబ్బాయి అమెరికా రమ్మంటున్నాడు, ఆ దేశం క్షేమమేనా?" అని అడుగుతున్నారు. "కెన్యాలో సింహాలను చూడడానికి వెళ్తున్నాం, భయమేమీ లేదు కదా?" అని అడిగేవారు కొందరు. "కైలాస యాత్రకు డబ్బు కట్టేశాం, ఆరోగ్యంగా ఉన్నామని ఒక కాగితం రాసివ్వండి" అనేవారు మరికొందరు. ఈ చివరివారు అసలు ప్రశ్నే వేయరు, సంతకం అడుగుతారు.

పాఠకులు అన్యథా భావించకపోతే ఒక మాట చెబుతాను. "ఆ దేశం క్షేమమేనా?" అన్న ప్రశ్నే సరైనది కాదని నా అభిప్రాయం. దేశమంటే ఒక్క వీధి కాదు, ప్రయాణికుడంటే ఒక్క మనిషి కాదు. ఇరవై ఎనిమిదేళ్ల యువకుడికి థాయిలాండులో అద్దె మోటారుసైకిలు ప్రమాదకరం. అతని తండ్రికి అదే థాయిలాండులో ప్రమాదకరమైనది ఇంటిదగ్గర మరచిపోయిన రక్తపోటు మాత్రల పెట్టె. అడగవలసినది "ఈ మనిషికి, ఈ నెలలో, ఈ పనిమీద, ఆ ఊరు ఎంతవరకు క్షేమం?" అని. ప్రశ్న ఇలా మారినప్పుడు సమాధానం టీవీలో దొరకదు. మన వైద్య నివేదికల దస్త్రంలో, మనం కట్టుకునే పెట్టెలో వెతుక్కోవాలి.

ప్రభుత్వాలు ఇచ్చే ప్రయాణ సూచనలను చాలామంది పరీక్షల్లో వచ్చే మార్కుల్లా చదువుతారు. అమెరికా విదేశాంగ శాఖ ప్రపంచ దేశాలను నాలుగు స్థాయిలుగా విభజించి తన పౌరులకు హెచ్చరికలు ఇస్తుంది. ఒకటవ స్థాయి అంటే మామూలు జాగ్రత్త చాలునని, నాలుగవ స్థాయి అంటే వెళ్లవద్దని అర్థం. ఆ పట్టికలో మన భారతదేశం కొన్నేళ్లుగా ఎక్కువ కాలం రెండవ స్థాయిలో, అంటే "మరింత జాగ్రత్త అవసరం" అన్న వరుసలో ఉంటూ వస్తోంది. ఆ సంగతి తెలిసి గుంటూరులో గాని నిజామాబాదులో గాని మనమెవరమైనా కూరగాయల బజారుకు వెళ్లడం మానుకున్నామా? స్థాయి సంఖ్యలో ఉన్న ఉపయోగం స్వల్పం. ఏ ప్రాంతంలో, ఏ కారణంచేత, ఏ తేదీనుండి అన్న వివరాలే అసలైనవి. హెచ్చరిక నేరాలను గురించా, యుద్ధాన్ని గురించా, అంటువ్యాధిని గురించా అన్నది తెలియకుండా భయపడడం వ్యర్థం, ధైర్యంగా ఉండడం అంతకంటె వ్యర్థం.

వివరాలు చదవనందువల్ల కలిగే నష్టానికి ఒక ఉదాహరణ మన కళ్లముందే జరిగింది. 2022 ఫిబ్రవరి 15న ఉక్రెయిన్‌లోని భారత రాయబార కార్యాలయం, అక్కడ ఉండి తీరవలసిన అవసరం లేని భారతీయులు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా దేశం విడిచి వెళ్లే విషయం ఆలోచించాలని సూచించింది. యుద్ధం ఫిబ్రవరి 24న మొదలైంది. మధ్యలో ఉన్నవి తొమ్మిది రోజులు. తరగతులు పోతాయేమోనని, టిక్కెట్ల ధర ఎక్కువగా ఉందని ఎందరో ఆగిపోయారు. వారిలో మన తెలుగు పిల్లలు కూడా చాలామంది ఉన్నారు. తరువాత నేలమాళిగల్లో తలదాచుకొని, సరిహద్దులదాకా నడిచి, ప్రభుత్వం పంపిన విమానాల్లో ఇల్లు చేరారు. వారిని నిందించడం నా ఉద్దేశం కాదు. "ఆలోచించండి" అన్న మృదువైన మాటను అధికారిక భాషలో ఎంత గట్టిగా వినాలో పెద్దవాళ్లమైన మనమే వారికి నేర్పలేదు.

అయితే నా దగ్గరకు వచ్చేవారిలో అధికులు యుద్ధభూములకు వెళ్లేవారు కారు. కొడుకునో కూతురినో చూడడానికి అమెరికాకు వెళ్లే అరవై, డెబ్బై ఏళ్లవారు. వీరు తుపాకుల గురించి అడుగుతారు, విమానం కూలుతుందేమోనని అడుగుతారు, చలి గురించి అడుగుతారు. తమ గుండె గురించి అడగరు. విదేశాల్లో మరణించే పెద్దవయసు ప్రయాణికుల్లో ఎక్కువమందిని బలిగొనేది గుండె, రక్తనాళాల జబ్బులే. వయసులో ఉన్నవారి విషయంలో ముందు వరుసలో ఉండేవి రోడ్డు ప్రమాదాలు, నీటిలో మునిగిపోవడం. మనం భయపడే వింత రోగాల వాటా చిన్నది. ఇంటిదగ్గర పొంచి ఉన్న ప్రమాదమే మనతోపాటు విమానమెక్కి వస్తుందని దీని అర్థం.

ఇది పుస్తక జ్ఞానం మాత్రమే కాదు. మా ఇంట్లోనే జరిగింది.

సుమారు పదేళ్ల క్రిందట మేమిద్దరం మా అమ్మాయి దగ్గరకు అమెరికా వెళ్లాం. ఆరు నెలల అనుమతి. మూడవ నెలలో మా శ్రీమతి మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగడం మొదలుపెట్టింది. అడిగితే "గ్యాసు" అంది. ఎడమ భుజం నొప్పి అంటే "మనవణ్ణి ఎత్తుకున్నాను కదా" అంది. ముప్పై అయిదేళ్లు వైద్యం చేసినవాణ్ణి, ఇంకొకరి భార్య ఈ రెండు మాటలూ చెప్పి ఉంటే వెంటనే ఇ.సి.జి. రాసేవాణ్ణి. మా ఆవిడ చెబితే సరేనన్నాను. నాలుగవ రోజు తెల్లవారుజామున ఆమె చలికాలంలో చెమటతో తడిసిపోయి మంచం అంచున కూర్చుని ఉంది. అప్పుడు కూడా నా చెయ్యి పట్టుకొని, "ఏమండీ, అమ్మాయిని లేపకండి. ఇక్కడ ఆసుపత్రికి వెళ్తే వాళ్లు ఇల్లు అమ్ముకోవలసి వస్తుందట" అంది.

ఆ మాట ఆమెకు ఎవరు చెప్పారు? ఉదయపు నడకలో కలిసే తోటి తల్లిదండ్రులు. ప్రతివారూ ఒక బిల్లు కథ చెబుతారు, ప్రతి కథలోనూ ఒక సున్నా పెరుగుతుంది. నాలుగు రోజులుగా ఆమె నొప్పిని దాచిపెట్టింది నానుండి కాదు, ఆ బిల్లునుండి. అత్యవసర వాహనం వచ్చింది, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి స్టెంటు వేశారు. ఆమె బతికింది. నాలుగు రోజుల ముందే వెళ్లి ఉంటే గుండె కండరం దెబ్బతినేది కాదు.

ఇక బీమా. వీసా హడావిడిలో తక్కువ ధరకు వచ్చిందని తీసుకున్న పాలసీ అది. ఒక్కొక్క సేవకు ఒక్కొక్క పరిమితి విధించే రకం. గదికి ఇంత, శస్త్రచికిత్సకు ఇంత అని ముందే గిరిగీసి ఉంది. అసలు ఖర్చు ఆ గీతకు ఎన్నో రెట్లు. పైగా ఆమెకు అంతకుముందే రక్తపోటు ఉన్నందున ఇది పాత జబ్బు కిందికి వస్తుందా రాదా అన్న వాదం నెలలతరబడి నడిచింది. చివరకు ఆసుపత్రివారితో మాట్లాడి, ఆదాయ వివరాలు సమర్పించి, బిల్లును బాగా తగ్గించుకొని, వాయిదాల్లో కట్టాం. అమ్మాయి ఇల్లు అమ్మలేదు.

ఈ అనుభవంనుండి నేను గ్రహించినవి మీకు విస్తరించి చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను. అమెరికాలో 1986లో చేసిన చట్టం ప్రకారం ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చిన మనిషిని, డబ్బు కట్టగలడా లేడా అన్నదానితో నిమిత్తం లేకుండా పరీక్షించి, ప్రాణాపాయ స్థితినుండి బయటపడేసే చికిత్స చేయాలి. బిల్లు తరువాత వస్తుంది, తప్పక వస్తుంది. కాని బిల్లు గురించి బేరమాడవచ్చు. ఆగిపోయిన గుండెతో బేరమాడలేము. పిల్లలు విమానాశ్రయంలో అమ్మానాన్నలను కౌగిలించుకొని చెప్పవలసిన మొదటి మాట, "నొప్పి వస్తే దాచకండి, డబ్బు సంగతి మేం చూసుకుంటాం" అన్నది. ఆ మాట అడగకుండానే చెప్పాలి. ఎందుకంటే మన తల్లులు అడగరు.

బీమా తీసుకునేటప్పుడు ధర చూసేముందు మూడు సంగతులు చదవండి. పాలసీ సేవవారీగా పరిమితులు పెట్టేదా, మొత్తం ఖర్చులో అధికభాగం భరించేదా? ముందునుండి ఉన్న జబ్బు హఠాత్తుగా ముదిరితే వర్తిస్తుందా? మీ వయసుకు ఆ మొత్తం ఎంతకు పడిపోతుంది? డెబ్బై దాటినవారికి ఈ చివరి సంఖ్య తరచు దిగ్భ్రాంతి కలిగిస్తుంది. "షుగరు ఉందని రాయకండి, ప్రీమియం పెరుగుతుంది" అని సలహా ఇచ్చే శ్రేయోభిలాషులు మన సమాజంలో కొల్లలు. ఆసుపత్రిలో చేరిన మొదటి పది నిమిషాల్లో మీ షుగరు సంగతి మీ రక్తమే చెబుతుంది. అప్పుడు బీమా సంస్థ చేతికి మీరే ఆయుధమిచ్చినవారవుతారు.

మందుల విషయానికి వస్తాను. మనకు తెలిసినవి బ్రాండు పేర్లు. పరదేశంలో అవి పనికిరావు. పారాసిటమాల్ అంటే అమెరికా దుకాణంలో చాలామందికి తెలియదు, అక్కడ దాని పేరు ఎసిటమినోఫెన్. ఆస్తమాకు మనం వాడే సాల్‌బుటమాల్ అక్కడ ఆల్‌బుటెరాల్. షుగరుకు ఇచ్చే గ్లిబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబ్యురైడ్. కాబట్టి ప్రతి మాత్రలోని అసలు మందు పేరు, మోతాదు స్పష్టమైన అక్షరాలతో మీ వైద్యునిచేత రాయించుకోండి. స్ట్రిప్పులనుండి మాత్రలు విప్పి ఒకే డబ్బాలో పోసుకోకండి. ఇన్సులిన్ ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి. విమానం అడుగున సామాను గదిలో అది గడ్డకట్టి పాడయ్యే అవకాశం ఉంది. భారతదేశంనుండి పడమటికి ప్రయాణించినప్పుడు రోజు సాగుతుంది, తిరిగి వచ్చేటప్పుడు కుంచించుకుపోతుంది. ఏ పూట ఎంత ఇన్సులిన్ అన్నది ముందే లెక్కవేయించుకోకపోతే ఆకాశంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పడం జరుగుతుంది.

గల్ఫ్ దేశాలకు వెళ్లేవారికి ఇంకొక హెచ్చరిక. మనం నొప్పికి వాడే ట్రమడాల్, కొన్ని దగ్గుమందుల్లో ఉండే కోడీన్ అక్కడ కఠినమైన నియంత్రణలో ఉన్నవి. సరైన పత్రాలు లేకుండా తీసుకువెళ్తే అది వైద్యం కాదు, నేరం. అంతకంటె విచిత్రం గసగసాలు. కోడికూరలో వేసుకునే ఆ తెల్లని గింజలు నల్లమందు మొక్కకు సంబంధించినవి గనుక సంయుక్త అరబ్ ఎమిరేట్స్‌లో నిషిద్ధం. సింగపూర్‌లో కూడా అంతే. కొడుకుకోసం మసాలా దినుసుల పొట్లం కట్టే తల్లికి ఈ సంగతి ఎవరు చెబుతారు?

విమానంలో కూర్చోవడం గురించి కూడా ఒకటి రెండు మాటలు. నాలుగు గంటలు మించిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన అధ్యయనం తేల్చింది. ఆరోగ్యవంతుల్లో ఇది దాదాపు ఆరువేలమందిలో ఒకరికి మాత్రమే. ఆ లెక్కన చిన్న ప్రమాదమే. కాని ఇటీవల మోకాలు మార్పిడి చేయించుకున్నవారికి, క్యాన్సరు చికిత్స పొందుతున్నవారికి, బాగా లావుగా ఉన్నవారికి అది చిన్నది కాదు. మన పెద్దలు అనేకులు భాష రాదన్న బెరుకుతో చక్రాల కుర్చీ అడుగుతారు. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు, నేనూ సమర్థిస్తాను. అయితే కుర్చీలో విమానం చేరి, పదహారు గంటలు సీట్లో కదలకుండా కూర్చుని, మళ్లీ కుర్చీలో బయటకు రావడం మాత్రం వద్దు. గంటకొకసారి లేచి నడవండి. అటు పక్క సీటువారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

రోడ్డు దాటేటప్పుడు మన కళ్లు అలవాటుకొద్దీ ముందు కుడివైపు చూస్తాయి. అమెరికాలోనూ ఐరోపాలోని అధిక దేశాల్లోనూ వాహనం ఎడమవైపునుండి వస్తుంది. ఉదయపు నడకకు వెళ్లే తాతలు ఈ ఒక్కటి జ్ఞాపకం ఉంచుకోవాలి. బాలి ద్వీపానికి వెళ్లే కొత్త దంపతులకు నేను చెప్పేది ఇంతే: అలవాటు లేని మోటారుసైకిలు ఎక్కకండి, ఎర్రజెండా ఉన్న సముద్రంలో దిగకండి, అక్కడ కుక్క కరిస్తే రేబిస్ ఉన్న ప్రాంతమని గుర్తుంచుకొని ఆరోజే టీకా వేయించుకోండి.

ఆఫ్రికా ప్రయాణాలు ఇటీవల పెరిగాయి. కెన్యా, ఉగాండా వంటి పసుపు జ్వరం ప్రబలే దేశాలకు వెళ్లేవారు ప్రయాణానికి కనీసం పది రోజులముందు టీకా వేయించుకోవాలి. 2016 జులైనుండి ఆ ధ్రువపత్రం జీవితకాలం చెల్లుతుంది. అది లేకుండా తిరిగివస్తే మన దేశమే మనల్ని ఆరు రోజులదాకా విడిగా ఉంచవచ్చు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఈ టీకా ఇచ్చే కేంద్రం. అయితే అరవై దాటినవారిలో ఈ టీకావల్ల తీవ్రమైన దుష్ఫలితాలు కొంత ఎక్కువ. కనుక వారు సూది వేయించుకునేముందు, ఆ ప్రయాణం అంత అవసరమా అని వైద్యునితో కూర్చుని ఆలోచించుకోవాలి. మలేరియాకు వేరే మాత్రలున్నాయి. వెళ్లకముందే మొదలుపెట్టి, తిరిగివచ్చాక కూడా కొనసాగించాలి. డాక్సీసైక్లిన్ అయితే వచ్చిన తరువాత నాలుగు వారాలు. ఇల్లు చేరగానే మానేయడం సర్వసాధారణంగా నేను చూసిన తప్పు. "నేను మన్యంలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు మలేరియా ఏమిటి?" అన్న ధీమా కూడా పనికిరాదు. చిన్ననాడు వచ్చిన నిరోధకశక్తి ఏళ్లు గడిస్తే కరిగిపోతుంది. తిరిగివచ్చిన కొద్ది నెలల్లో జ్వరం వస్తే వైద్యునితో మొదట చెప్పవలసింది జ్వరం ఎంత అన్నది కాదు, ఎక్కడికి వెళ్లివచ్చారు అన్నది.

ఇక సంతకం అడిగేవారి సంగతి. కైలాస మానస సరోవర యాత్ర టిబెట్టులో జరుగుతుంది. పరిక్రమలో డోల్మా కనుమ ఎత్తు 5,600 మీటర్లు మించింది. అక్కడ పీల్చే గాలిలో ప్రాణవాయువు సముద్రమట్టంలో దొరికేదానిలో సగమే. నేపాల్ మీదుగా వెళ్లే బృందాలు సుమారు 150 మీటర్ల ఎత్తున్న నేపాల్‌గంజ్‌నుండి చిన్న విమానంలో 2,900 మీటర్ల సిమికోట్‌కు, అక్కడినుండి హెలికాప్టరులో సరిహద్దుకు చేరుతాయి. మూడువేల మీటర్లు దాటాక రాత్రి నిద్రించే ఎత్తును రోజుకు అయిదు వందల మీటర్లకంటె పెంచరాదన్నది పర్వత వైద్యంలో అంగీకరించిన సూత్రం. సెలవులు తక్కువ ఉన్నాయని, ధర తక్కువగా రావాలని రోజులు కుదించిన యాత్రలో ఆ సూత్రం మొదట బలవుతుంది. ఇక్కడ కూర్చుని నేను ఇచ్చే ధ్రువపత్రం, ఇక్కడి గాలిలో మీ గుండె ఎలా ఉందో చెబుతుంది. అక్కడి గాలిలో ఎలా ఉంటుందో చెప్పదు. రోజూ యోగాసనాలు వేసే నలభై ఏళ్లవాడికి కూడా ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అందుకని నేను సంతకానికి బదులు రెండు ప్రశ్నలు వేస్తాను. మీ బృందంలో ఎత్తుకు అలవాటుపడడానికి ఎన్ని రాత్రులు కేటాయించారు? ఒకరికి నడక తూలినా, కూర్చున్నచోట ఆయాసం వచ్చినా వెంటనే కిందికి దింపే ఏర్పాటు ఉందా? వీటికి సమాధానం లేని నిర్వాహకుని వద్ద డబ్బు కట్టినవారికి నేను సంతకం చేయను. ఇందువల్ల ఇద్దరు పాత మిత్రులు నాతో మాట్లాడడం మానేశారు. "దైవకార్యానికి అడ్డం పడ్డావు" అన్నారు ఒకరు. నాకు బాధ కలిగింది. అయినా అభిప్రాయం మారలేదు. యాత్ర చేయవద్దని నేననడం లేదు. మరో నాలుగు రాత్రులు అదనంగా ఉండే యాత్రను ఎంచుకోమంటున్నాను.

ఇంత చదివి ప్రయాణమే వద్దనుకునేవారు ఉండవచ్చు. నేను ఆ పక్షం కాదు. మనవల ముఖం ఫోనులో చూడడం వేరు, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం వేరు. ఈ డిసెంబరులో మేము మళ్లీ వెళ్తున్నాం. ఈసారి మూడు నెలల ముందే గుండె పరీక్షలు చేయించాను. పాలసీ కాగితం ఇద్దరం కలిసి, చిన్న అక్షరాలతో సహా చదివాం. మందుల పేర్లు రాసిన కాగితం ఒకటి ఆమె చేతిసంచిలో, ఒకటి నా జేబులో, ఒకటి అమ్మాయి ఫోనులో ఉన్నాయి. భుజం నొప్పి వస్తే "గ్యాసు" అనకూడదని ఆమె, అన్నా నమ్మకూడదని నేను, మా అమ్మాయి ఎదుట ఒప్పుకున్నాం.

ప్రయాణం దుబాయి మీదుగా. నిన్న సాయంత్రం పెట్టె సర్దుతుండగా మసాలా పొట్లాల మధ్య గసగసాల డబ్బా కనబడింది. తీసి వంటింటి అలమరలో పెట్టాను. ఆవిడ ఇంకా నాతో మాట్లాడడం లేదు.